అంకభైరవుడి ముంగిలి కొలత

ముళ్ళతీగల అడవిని మూడు పగళ్ళలో దాటి, మొసళ్ళ మడుగులో ఒక చెప్పు పోగొట్టుకుని, దారినపోయేవాళ్ళ పేర్లు మింగే గుడ్లగూబకు పక్కింటివాడి పేరు చెప్పి తప్పించుకుని, కొలతల పేరన వంకరకొండ పాదానికి చేరేసరికి బారెడు పొద్దెక్కింది. ఇలాంటి చోట వీరులకు రొమ్ము పొంగుతుందని చెబుతారు. పేరనకు పొంగినవి మోకాళ్ళు. ఒక బండమీద కూలబడి, మిగిలిన చెప్పును కూడా విప్పి లోయలోకి విసిరేశాడు. ఒంటి చెప్పుతో నడిస్తే అడుగు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అవుతుంది, అది కొలతలవాడికి పనికిరాదు.

అతను రాజకుమారుడు కాడు. మణిశైల రాజ్యంలో పొలాల గట్లు కొలిచే వంశంవాడు, నలభై రెండేళ్ళవాడు. పది జానల వెదురు గడ తప్ప అతని దగ్గర ఆయుధం లేదు. ఏ లెక్కనైనా మొదటి నుంచి చివరిదాకా నెమరు వేస్తూ చేస్తాడని ఊళ్ళో అతన్ని నత్త పేరన అనేవారు. అతని భార్య మాచమ్మ అందుకు పూర్తిగా ఎదురు. అడిగేవాడు నోరు మూసేలోగా ఆమె జవాబు చెప్పి అవతలి పనికి వెళ్ళిపోయేది. జవాబు ఎలా వచ్చిందని అడిగితే, వచ్చింది కదా, ఇంకేం కావాలి అనేది.

ఆ వేగమే కొంప ముంచింది. దాని వెనక కథ ఒకటుంది. అంకభైరవుడు ఒకప్పుడు మణిశైల రాజుగారి కొలువులో గణకుడు. పొలం విస్తీర్ణం అడిగినా, కోట బురుజు ఎత్తు అడిగినా మెట్టు మెట్టుగా, కారణంతో సహా విప్పి చెప్పేవాడు. ఒకనాడు నిండు సభలో రాజుగారు ఆవలించి, మెట్లు మాకెందుకు, జవాబు చెప్పి కూర్చోమన్నారు. సభంతా నవ్వింది. ఆ నవ్వు చెవిలో పెట్టుకునే అతను కొలువు వదిలి, క్షుద్రదేవతలను కొలిచి, రాజ్యానికి ప్రాణాధారమైన నీలధార నదిని మొత్తం వంకరకొండ కడుపులో బంధించాడు. కొండ ముంగిట మూడు ద్వారాలు నిలిపాడు. ద్వారానికో లెక్క. మెట్టు విడవకుండా చెప్పినవారికి తలుపు తెరుచుకుంటుంది. ఒక్క మెట్టు మింగినా, జవాబు నూటికి నూరుపాళ్ళూ సరైనదే అయినా, చెప్పినవారు రాయి అవుతారు.

నది కోసం వెళ్ళినవాళ్ళలో మాచమ్మ అరవయ్యోది. మొదటి ద్వారం ప్రశ్న పూర్తి కాకముందే ఆమె జవాబు చెప్పిందనీ, ఎత్తిన వేలు ఎత్తినట్టే శిల అయిందనీ చాటునుంచి చూసిన మేకల కాపరి ఒకడు కబురు తెచ్చాడు. కబురు అందడానికి నాలుగు నెలలు, దారి నడవడానికి ఎనిమిది నెలలు పట్టాయి. ఏడాది నిండిన శిల మళ్ళీ మనిషి కాదు. ఆ ఏడాది ఈ రోజు పొద్దు గుంకితే నిండుతుంది. నది రావడం, రాజ్యం బతకడం, ఇవన్నీ మంచివే. పేరనకు మాత్రం మాచమ్మ కావాలి. ఆమె లేని ఇంట్లో అన్నం కూడా లెక్కతప్పినట్టే ఉండేది.

కొండ మొదట్లో ఈటెల కాపలా ఉంది. చేతిలో కొలగడ కనిపిస్తే అక్కడికక్కడే పొడవమని వాళ్ళకు ఆజ్ఞ. పేరన నుదుట బూడిద పూసుకుని, గడ కొనకు కాషాయపు గుడ్డ కట్టి, జెండా మోసే బైరాగిలా వాళ్ళముందుకు నడిచాడు. ఒక కాపలావాడు గడమీది గాట్లు చూసి అవేమిటని నిలదీశాడు. చూసిన క్షేత్రానికి ఒక గాటు అని పేరన చెప్పాడు. తొమ్మిదే చూశావా ఇంత వయసొచ్చి అని వాడు జాలిపడి, తన పంటినొప్పి పోవాలని దీవెన అడిగాడు. పేరన దీవించి, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లెక్కాడు.

ముంగిలి కొండ నడినెత్తిన ఉంది. నున్నటి నల్లరాతి నేల. చుట్టూ ఆకాశాన్ని చూడనివ్వనంత ఎత్తైన గోడలు, పైన మాత్రం గుండ్రటి కన్ను ఒకటి, దానిగుండా దిగిన ఎండ నేలమీద కరిగిన బంగారంలా పరుచుకుని ఉంది. గోడలనిండా చెక్కిన లతలు, లతలకు కెంపుల పువ్వులు, పువ్వులమీద నీలాల తుమ్మెదలు. ఎదుట మూడు ద్వారాలు, ద్వారానికొక రాతి సింహముఖం. ఇంత శోభ మధ్య అరవైమంది నిలబడి ఉన్నారు. రాజాస్థాన పండితులు ఇద్దరు, ఒక వడ్రంగి, ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఎవరెవరో. అందరి నోళ్ళూ జవాబు చెబుతున్నట్టే తెరిచి ఉన్నాయి. చివరన వేలెత్తి మాచమ్మ. పేరన దగ్గరకు వెళ్ళి ఆమె చెంపమీద దుమ్ము తుడిచాడు. ఎండ తగిలే చోటే అయినా రాయి చల్లగా ఉంది.

మొదటి సింహం ఏళ్ళ తరబడి అడిగి అడిగి అరిగిపోయిన గొంతుతో, లెక్క ఎవరి పేరున అని అడిగింది. ఇక్కడ ఒకరు చెప్పిన లెక్కతో ఒకరికే విడుదల. మూడు లెక్కలకు మూడు భాగాలు, తల నుంచి మెడ వరకు, మెడ నుంచి నడుము వరకు, నడుము నుంచి పాదాల వరకు. మెట్టు తప్పితే ఆ తప్పు కూడా ఆ పేరునే పడుతుంది. పేరన తన భార్య మాచమ్మ పేరున అన్నాడు.

సింహం లెక్క చెప్పింది. ఈ కొండకు కొన్ని పులులు కాపలా. వాటి సంఖ్యను మూడు రెట్లు చేసి పన్నెండు కలిపితే ఎంతో, అదే సంఖ్యను ఐదు రెట్లు చేసి ఎనిమిది తీసేసినా అంతే. పులులెన్ని?

అంటుండగానే పక్క గుహలోంచి పులులు బయటకొచ్చి శిలల మధ్య తిరగసాగాయి. పేరన వాటిని లెక్కపెట్టబోయాడు. చూసి చెప్పేది లెక్క కాదని సింహం హెచ్చరించింది. పైగా అతను మాట ఆపినప్పుడల్లా ప్రతి పులీ ఒక అడుగు దగ్గరకు వస్తుందని కూడా చెప్పింది. పేరన నేలమీద చతికిలబడ్డాడు. నిలబడి భయపడే ఓపిక అతనికి లేదు.

"పులుల సంఖ్య నాకు తెలీదు. తెలీనిదాన్ని ఒక మూట అనుకుంటా. మూట విప్పి చూడను. ఒక పక్క మూడు మూటలూ పన్నెండు రాళ్ళూ ఉన్నాయి. రెండో పక్క ఐదు మూటలున్నాయి కానీ వాటిలో ఎనిమిది రాళ్ళు తక్కువ. రెండు పక్కలూ సమానం," అన్నాడు.

ఆగి చెమట తుడుచుకున్నాడు. పులులు ఒక అడుగు వేశాయి. రెండో పక్క లోటు పూడ్చడానికి ఎనిమిది రాళ్ళు వేస్తానన్నాడు. ఒక పక్క వేస్తే తక్కెడ వంగుతుంది కనుక మొదటి పక్కకూ ఎనిమిది వేయాలి. అప్పుడు మొదటి పక్క మూడు మూటలూ ఇరవై రాళ్ళూ, రెండో పక్క నిండుగా ఐదు మూటలు. ఇటు మూడు మూటలు తీసేస్తే అటూ మూడు తీసేయాలి. మిగిలింది ఇటు ఇరవై రాళ్ళు, అటు రెండు మూటలు. రెండు మూటలకు ఇరవై అయితే ఒక మూటకు పది.

ఇక్కడ మాచమ్మ అయితే లేచి చెంగు దులుపుకునేది. పేరన లేవలేదు. ఒక పులి ఊపిరి అతని మెడకు తగులుతూనే ఉంది, అయినా సరిచూడటం మిగిలింది. మూడు పదులు ముప్ఫై, పన్నెండు కలిపితే నలభై రెండు. ఐదు పదులు యాభై, ఎనిమిది పోతే నలభై రెండు. రెండూ ఒకటే కనుక పులులు పది అన్నాడు. తలుపు మూలుగుతూ తెరుచుకుంది. పది పులులూ బద్ధకంగా వరసకట్టి దాని లోపలికి నడిచిపోయాయి.

మాచమ్మ ముఖంలో ముందు కళ్ళు తడిశాయి. తర్వాత పెదవులకు రంగొచ్చింది. మెడ దాకా మనిషి, కింద రాయి. ఆమె అతన్ని ఎగాదిగా చూసి, "ఇప్పుడా మావా రావడం? గొడ్డుకు నీళ్ళు పెట్టావా?" అంది.

ఆమె లెక్కన తను ఈ ముంగిటికి వచ్చి ఒక్కపూటే అయింది. వానల్లేక బర్రె చచ్చిపోయి ఎనిమిది నెలలైంది. అయినా పేరన పెట్టానన్నాడు. ఆమె తలతిప్పి రెండో సింహం వంక చూసి ఏదో అనబోయేసరికి, అతను చేతులు జోడించాడు. లెక్కల్లో ఆమె నోరు పెడితే తల కూడా మళ్ళీ రాయే. ఆమె పళ్ళు బిగించింది. ఆమెకు అంతకంటే పెద్ద శిక్ష ఏ మాంత్రికుడూ వేయలేడు.

రెండో సింహం ముంగిలి మధ్యనున్న స్ఫటిక స్తంభం ఎత్తు అడిగింది. ఎక్కకూడదు, తాకకూడదు. అప్పటికి ఎండ నిటారు మీదినుంచి కాస్త వాలింది, స్తంభం నీడ నేలమీద స్పష్టంగా ఉంది. పేరన గడను నిలబెట్టి దాని నీడ కొలవడానికి వంగాడో లేదో ముంగిలి ఒక్కసారిగా చీకటైపోయింది. పైకన్నుమీద ఏనుగంత గద్ద ఒకటి వచ్చి రెక్కలు పరిచి కూర్చుంది. అంకభైరవుడి పెంపుడు పక్షి అది. నీడలు రెండూ మాయమయ్యాయి.

పేరన దాన్ని అదిలించాడు, రాళ్ళు రువ్వాడు. అది కదల్లేదు. ఇలా గంట గడిచింది. పొద్దు గుంకేదాకా కూర్చోవడమే దాని పని, దానికి అలసట లేదు. మాచమ్మ సైగగా గడ కొనకున్న కాషాయపు గుడ్డను కళ్ళతో చూపించింది. సైగ జవాబు కాదు కనుక రాయి కాలేదు. పేరన గుడ్డకు తన రొట్టెల మూట కట్టి, గిరగిర తిప్పి పైకి ఆడించాడు. గద్ద ఆ ఎర్రటిదాన్ని మాంసమనుకుని విరుచుకుపడింది. రెక్క దెబ్బకు అతను నాలుగడుగుల అవతల పడ్డాడు. గద్ద గుడ్డా రొట్టెలూ ఎగరేసుకుపోయింది. అది మళ్ళీ వచ్చి కూర్చునేలోగా దొరికిన వెలుగులో అతను పాకుతూనే గడ నిలబెట్టి, రెండు నీడలూ జానలతో కొలిచేశాడు. భుజం నెత్తురోడింది. పగటి భోజనం కూడా పోయింది.

చెప్పడం మాత్రం నిదానంగానే చెప్పాడు. గడ నిటారుగా ఉంది, స్తంభం నిటారుగా ఉంది. రెండింటిమీదా పడేది ఒకే పొద్దు, ఒకే వాలు. కాబట్టి ఎత్తుకూ నీడకూ ఉన్న పొత్తు రెండింట్లోనూ ఒకటే. పది జానల గడకు నీడ ఆరు జానలు. సగం చేస్తే ఐదు జానల ఎత్తుకు మూడు జానల నీడ. స్తంభం నీడ ఇరవై ఏడు జానలు, అందులో మూళ్ళు తొమ్మిది. మూడు జానల నీడకు ఐదు జానల ఎత్తు కనుక తొమ్మిది ఐదులు, నలభై ఐదు. స్తంభం ఎత్తు నలభై ఐదు జానలు.

రెండో తలుపు తెరుచుకుంటే మెడెత్తు రాతి గడపకు అవతల పల్లంగా ఒక చీకటి సొరంగం కనబడింది. మాచమ్మ నడుము దాకా మనిషయింది. ఎత్తిన వేలు దించి, ముందు అతని భుజం గాయం చూసి, తన పైట అంచు చింపి కట్టింది. కట్టు కడుతున్నంతసేపూ అతని తలవంకే చూసింది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఆ తలలో నెరిసిన వెంట్రుక లేదు. ఒక్కపూట కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. గొడ్డు సంగతి మళ్ళీ అడగలేదు.

పొద్దు పడమటి గోడ అంచుకు జారింది. మూడో సింహం తన ముందున్న ముంగిలి వైశాల్యం ఎన్ని చదరపు గడలో కొలిచి చెప్పమంది. పేరనకు ప్రాణం లేచొచ్చింది. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని అది. ముంగిలి దీర్ఘచతురస్రంగా మొదలై, ద్వారం వైపు త్రిభుజంలా కొనదేరి ఉంది. అతను గడను గోడ మొదలుకు ఆనించి, జరిపి పెట్టి ఒకటి అన్నాడు, జరిపి రెండు అన్నాడు, అలా పైకి వినబడేలా ఏడు దాకా వెళ్ళి, పొడవు ఎనిమిది గడలు అన్నాడు. అడ్డంగా నాలుగు లెక్కపెట్టి ఐదు అన్నాడు. కొనదేరిన ముక్క మొదలు నుంచి కొన దాకా మూడు లెక్కపెట్టి నాలుగు అన్నాడు.

ఎనిమిది ఐదులు నలభై చదరపు గడలు దీర్ఘచతురస్రం. త్రిభుజం కోసం అదే అడుగుతో అదే ఎత్తుతో ఒక దీర్ఘచతురస్రం ఊహించుకోవాలి, ఐదు నాలుగులు ఇరవై. కొన నుంచి అడుగుకు నిటారుగా గీత గీస్తే అది రెండు చిన్న దీర్ఘచతురస్రాలవుతుంది. ఒక్కోదాన్ని త్రిభుజం అంచు మూల నుంచి మూలకు కోస్తుంది కనుక సగం లోపల, సగం బయట. కాబట్టి త్రిభుజం ఇరవైలో సగం, పది. నలభై, పది, మొత్తం యాభై చదరపు గడలు.

మూడో తలుపు భళ్ళున సగం తెరుచుకుని ఆగింది. ఏళ్ళుగా ఊపిరి బిగబట్టిన నీలధార ఒక్కసారిగా ముంగిట్లోకి దూకింది. పేరన ఎక్కివచ్చిన దారీ, మొదటి ద్వారమూ వాటంతటవే మూసుకున్నాయి. మాచమ్మ నడుము కదిలింది, తొడలు కదిలాయి, కుడికాలు లేచింది. ఎడమకాలు లేవలేదు. చీలమండ నుంచి కింద రాయి, నేలకు అతికి ఉంది.

"జవాబు సరైనదే. ఒక మెట్టు నీ నోట రాలేదు," అంది సింహం. "నీళ్ళు నా నోటికి అందేదాకా గడువు. ఆ మెట్టు నువ్వే వెతుక్కోవాలి. వాళ్ళూ వీళ్ళూ చెబితే చెల్లదు."

పేరన మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు. నీళ్ళు మోకాలికి వచ్చాయి. పొడవు, వెడల్పు, త్రిభుజం, సగం, మొత్తం. సింహం కదల్లేదు. ఇంకోసారి చెప్పాడు, ఈసారి గడలో పది జానలుంటాయని కూడా చేర్చి చెప్పాడు. నీళ్ళు నడుము దాటాయి. రాతి పండితులు రొమ్ముదాకా మునిగారు. మాచమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింటూ ఉంది. అతను చెప్పిన దాంట్లో ఏ లోపమూ ఆమెకు కనబడలేదు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. జన్మలో మొదటిసారి ఆమెకు జవాబు తెలియలేదు.

మూడోసారి అతను గడను నేలకు ఆనించబోతే వెదురు నీళ్ళమీద తేలిపోయింది. మునిగి, కాలితో తొక్కిపెట్టి ఆనించాడు. అంత కష్టపడి ఆనించిన గడకు అతను ఏ అంకే చెప్పలేదు. రెండో ఆనింపుకు ఒకటి అనబోయి ఆగిపోయాడు. మొదటిది ఎందుకు లెక్కపెట్టలేదు?

కొలతలవాళ్ళ ఇళ్ళలో అది అడిగే ప్రశ్న కాదు. పొలంలో మొదటి గడ ఆనించేటప్పుడు ఎవరూ నోరు విప్పరు. ఆ తొలి గడ నేలతల్లి నెత్తి, నెత్తిమీద అంకె పెట్టకూడదని ఆచారం. రెండో గడ నుంచి ఒకటి, రెండు అని మొదలుపెట్టి, చివర ఆ తొలి గడను మనసులో కలిపేసుకుంటారు. ఏడు అని పిలిచి ఎనిమిది అని రాస్తారు. తాతల నాటి నుంచి చేస్తున్నది కావడంతో అది చేస్తున్నట్టే ఎవరికీ తెలియదు. పేరనకూ తెలియలేదు, కొలతలవాళ్ళ ఇంట్లోనే పుట్టిన మాచమ్మకూ తెలియలేదు.

నీళ్ళు అతని గడ్డం కింద ఉన్నాయి. మునివేళ్ళమీద లేచి, నేలతల్లికి మనసులో దండం పెట్టుకుని, నోరు తెరిచాడు.

"మొదటి గడకు అంకె చెప్పలేదు. పొడవులో నేను పిలిచినవి ఏడు, పిలవనిది ఒకటి, కలిపితే ఎనిమిది. వెడల్పులో పిలిచినవి నాలుగు, పిలవనిది ఒకటి, ఐదు. మూడోదాంట్లో పిలిచినవి మూడు, పిలవనిది ఒకటి, నాలుగు. ఇదీ మెట్టు," అన్నాడు.

నీళ్ళ కింద ఎక్కడో రాయి పగిలిన చప్పుడైంది. మాచమ్మ కాలు ఊడింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకునేలోగా ప్రవాహం వాళ్ళను లేపి, గిరగిర తిప్పి, తెరిచి ఉన్న రెండో ద్వారం గడప మీదుగా లోపలికి విసిరింది. పల్లపు సొరంగంలో రాళ్ళకు కొట్టుకుంటూ, మునుగుతూ, తేలుతూ ఎంత దూరం పోయారో తెలియదు. ఒక మలుపులో పేరన చంకలోని గడ రెండు గోడలకూ అడ్డంగా ఇరుక్కుంది. విరిగేముందు అది వాళ్ళను ఒక అరుగుమీదికి ఎక్కనిచ్చింది. తర్వాత ఫెళ్ళున రెండు ముక్కలై కొట్టుకుపోయింది. పేరన దాని వెనకే చాలాసేపు చూశాడు. అది అతని తండ్రి కోసిన వెదురు.

అరుగు చివర చిన్న చెక్క తలుపు. సందుల్లోంచి దీపం వెలుగు. అది తెరుచుకుంటేనే నీలధార కొండ దాటి పొలాలకు పోతుంది, లేకపోతే ఈ కడుపులోనే నిండుతుంది. నీళ్ళు అప్పటికే అరుగుకు జానెడు కింద ఉన్నాయి. తలుపు వెనక నుంచి ఒక ముసలి గొంతు పలికింది. ఈసారి సింహం కాదు, అంకభైరవుడే. ఇంతదూరం వచ్చినవాళ్ళు ఎవరూ లేరనీ, ఏం మాట్లాడాలో తనకూ తెలియడం లేదనీ అన్నాడు. ఆ గొంతులో క్రూరత్వం కంటే అలసటే ఎక్కువగా ఉంది. తర్వాత తన చివరి లెక్క అడిగాడు.

"నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. పదిహేనేళ్ళు నిండగానే రాజు కొలువులో చేరాను. అక్కడ ఎన్నేళ్ళు ఉన్నానో, దానికి సరిగ్గా రెట్టింపు ఏళ్ళు ఈ కొండలో ఉన్నాను. కొలువులో ఎన్నేళ్ళు ఉన్నాను?"

పేరన గోడకు జారబడ్డాడు. డెబ్బై ఎనిమిది అన్నాడు, పదిహేను అన్నాడు, మళ్ళీ డెబ్బై ఎనిమిది అన్నాడు. అంకెలు చేపల్లా జారిపోయాయి. ఇక తనవల్ల కాదని, ఏడుపు కూడా రావడం లేదని చెప్పాడు.

మాచమ్మ అతని తడి తలను తన భుజానికి ఆనించుకుంది. "నువ్వు కాసేపు ఊరుకో మావా. నేను చెబుతా," అంది.

పేరన వద్దని తల ఊపాడు. తలుపు వెనక గొంతు కూడా హెచ్చరించింది. చెప్పేది ఆమె పేరున, ఒకసారి రాయైన మనిషి మళ్ళీ మెట్టు మింగితే ఈసారి ఏడాది గడువు ఉండదు. మాచమ్మ సరేనంది. పేరన ఆమె మణికట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. చల్లబడితే ముందు తనకే తెలియాలని.

ఇరవై ఒకటి అన్న జవాబు ప్రశ్నతోపాటే ఆమె నాలుక కొనకు వచ్చి కూర్చుంది. దాన్ని వెనక్కి మింగింది. కొలువులో గడిపిన ఏళ్ళు తెలియవు కనుక వాటిని ఒక పాలు అనుకుంటానంది. కొండలో గడిపినవి దానికి రెట్టింపు కనుక రెండు పాళ్ళు అంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. పేరన తల ఊపాడు.

"డెబ్బై ఎనిమిదిలోంచి ముందు పదిహేను తీసెయ్యాలి," అంది.

నీళ్ళు అరుగుమీదికి పాకి వాళ్ళ పాదాలను తాకాయి. అరవై మూడు, మూడు పాళ్ళు, ఇరవై ఒకటి, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆమె గొంతులోకి వచ్చేశాయి. పేరన వేళ్ళ కింద ఆమె మణికట్టు చల్లబడసాగింది. అతను మాట్లాడకూడదు. గట్టిగా నొక్కాడు, అంతే. ఆమె అతని ముఖం చూసింది, ఆగింది, ఊపిరి పీల్చుకుంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆమె నోట అతను ఒక్కనాడూ వినని మాట అప్పుడు వినబడింది.

"ఎందుకంటే," అంది మాచమ్మ.